మేలుకోరు విమర్శ

లోకమున పొగడ్త చౌక. తెగడ్త అంతకంటెను చౌక. ఈ రెంటికిని నడుమ నుండు సద్విమర్శ మాత్రము మిక్కిలి అరుదు. ఒకడు చేసిన పనిని చూచి ‘భళీ’ యనుటకు క్షణము చాలును. ‘ఛీ’ యనుటకు అదియు నక్కఱలేదు. కాని ఆ పని ఎచ్చట నిలిచినది, ఎచ్చట జాఱినది, మఱల చేయునప్పుడు ఏమి మార్చిన మేలగును అని ఓపికతో విచారించి, అబద్ధమాడక, చేసినవాని మనస్సు విఱువక చెప్పుటకు కాలము పట్టును. అతని మేలు కోరు హృదయమును కావలెను. అట్టి విమర్శను గూర్చి ఈ వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ మాట నేడు విశేషముగ చెప్పవలసిన కారణము కలదు. పూర్వము ఒకడు తన విద్యను లోకమునకు చూపవలెనన్న అచ్చుకూటమో, నాటకశాలయో, సభావేదికయో కావలసియుండెను. ఆ ద్వారములకడ సంపాదకుడో గురువో నిలిచి, లోనికి పంపుటకు ముందే తప్పులు దిద్దెడివాడు. నేడు చేతిలో ఫోను గల ప్రతివాడును తన యింటి వసారాలో కూర్చుండి పాఠము చెప్పవచ్చును, పాట పాడవచ్చును, వంట చూపవచ్చును. యూట్యూబు అను వేదికపై మొట్టమొదటి వీడియో 2005వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన ఎక్కింపబడినది. ఆ సంస్థ స్థాపకులు మువ్వురిలో నొకడగు జావేద్ కరీము ఒక జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి, వాని తొండములు మిక్కిలి పొడవైనవని చెప్పిన 19 సెకనుల ముచ్చట అది. అంతకంటె చిన్న ఆరంభ ముండదు గదా!

ఇప్పుడు ద్వారము బార్లా తెఱచియున్నది, ద్వారపాలకుడు లేడు. ఇది గొప్ప మేలే. కాని దిద్దెడి గురువు కూడ ద్వారపాలకునితోపాటు తొలగిపోయినాడు. అతడు చేసెడి పని ఇపుడు చూచువారి మీద పడినది. వారు దానిని చక్కగ చేయుచున్నారా యనునదే ప్రశ్న. ఈ ప్రశ్న మా కెట్లు తటస్థించినదో చెప్పెదము.

మా పూర్వ విద్యార్థిని యొకతె విజయనగరము చేరువ నొక పల్లెలో కాపురముండును. ఉపాధ్యాయ శిక్షణ పొందినను ఆమెకు ఉద్యోగము దొరకలేదు. ఇంటిపనులు ముగిసి, బిడ్డలు నిద్రించిన పిమ్మట, తొమ్మిది పది తరగతుల పిల్లల కొఱకు ఛందస్సు బోధించు వీడియోలు చేయుచున్నది. దసరా నాటికి 11 పాఠములు పెట్టినది. ఛానెలునకు సబ్‌స్క్రైబరులుగా చేరినవారు నూఱు పైచిలుకు మాత్రమే. ఒకనాడు ఆమె మాకు ఫోను చేసి యిట్లనెను: “మాష్టారూ, సంక్రాంతి దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మానేస్తాను. మా ఆయన ఏమీ అనరు గానీ, రాత్రి పన్నెండింటిదాకా దీపం వేసుక్కూర్చుంటే ఇంట్లో అందరికీ ఇబ్బందే. మీరొకసారి చూసి ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లలకి అర్థమవుతోందా లేదా, నాకదొక్కటే కావాలి.”

అప్పటికి ఆమె పాఠముల క్రింద చేరిన కామెంటులను మేము చదివితిమి. అవి మూడు తెఱగులుగ నుండెను. మొదటివి ‘సూపర్ అక్కా’ అనునవి. రెండవవి ‘బోరు’ అనియు, ‘టైము వేస్టు’ అనియు ఒక్క ముక్కతో ముగియునవి. మూడవ తెఱగునకు చెందినది ఒక్కటే. ఎవరో పెద్దమనిషి ఇరువదికి పైగా దోషములను వరుసగ లెక్కించి, తుదకు ‘ముందు తెలుగు మాట్లాడటం నేర్చుకో’ అని ముగించెను. మొదటి దానిని చదివి ఆమె సంతోషించినది. కాని మఱునాటి పాఠమున ఏమి మార్చవలెనో తెలియలేదు. రెండవ దానిని చదివి నొచ్చుకొన్నది, అప్పుడును తెలియలేదు. మూడవ దానిని చదివిన పిమ్మట రెండు వారములు పాఠమే చేయలేదు. ఇరువది తప్పులు ఒక్కసారి నెత్తిమీద పడినవానికి వానిలో నొక్కదానిని దిద్దుకొనుటకంటె పనిని మానుటయే సులభముగ తోచును.

అంకెలు ఆమెకు సాయపడెనా? అదియు లేదు. ఒకరు బొటనవ్రేలిని క్రిందికి చూపు గుర్తును నొక్కిన, ఎవరికో నచ్చలేదని తెలియును గాని ఏది నచ్చలేదో తెలియదు. 2021 నవంబరు నుండి ఆ లెక్క చూచువారికి కనబడదు; చేసినవారికి మాత్రము కనబడుచునే యుండును. ఇక ప్రకటనల ఆదాయములో భాగము పొందుటకు 2018 నుండి ఉన్న నియమ మిది: 1,000 మంది సబ్‌స్క్రైబరులు ఉండవలెను, గడచిన 12 నెలలలో జనులు 4,000 గంటలకాలము ఆ ఛానెలును చూచియుండవలెను. 4,000 గంటలనగా 2,40,000 నిమిషములు. చూచిన ప్రతివాడును సగటున నాలుగు నిమిషములు చూచెననుకొన్నను 60,000 మాఱులు చూడబడవలెను. నూఱుమంది వినుచున్న గృహిణికి ఇది హిమాలయమువలె కనబడుట వింత కాదు. పొట్టి వీడియోల మార్గము వేఱుగ నున్నను, ఛందస్సు పాఠము అంత స్వల్పకాలములో ముగియునది కాదు. అట్టి స్థితిలో నున్నవారికి మనము పలుకు నొక్క మాట ఊతకఱ్ఱ యైనను కావచ్చును, తుది దెబ్బ యైనను కావచ్చును.

కావున మేము తొందరపడక పనికి పూనుకొంటిమి. మొదట ఆమె ఉత్పలమాల పాఠమును ఎక్కడను ఆపక, చేత కలము పట్టక, ఆదినుండి తుదివఱకు చూచితిమి. సగము చూచి తీర్పు చెప్పుట, రెండు మెతుకులు నమిలి విందును నిందించుట వంటిది. అన్నమునకు ఒక మెతుకు చాలును గాని పాఠమునకు చాలదు. మఱునాడు కాగితమును కలమును దగ్గఱ నుంచుకొని రెండవమాఱు చూచుచు, మనస్సు ఎచ్చట చెదరెనో, ఎచ్చట నిలిచెనో, ఆయా చోట్ల నిమిషములను సెకనులను వ్రాసికొంటిమి.

అంతటితో మాకు తృప్తి కలుగలేదు. ఆమె అడిగిన ప్రశ్న ‘మాష్టారికి నచ్చినదా’ అని కాదు. ‘పిల్లలకు అర్థమగుచున్నదా’ అని. ఛందస్సు మేము నలువది యేండ్లుగ చెప్పుచున్న విషయము. మాకు తెలిసినదానిని మేము విని, తెలిసినదని తలయూపుట ఏమి పరీక్ష? మా యింటికి చదువుకొనుటకు వచ్చు తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దఱు గలరు. వారి కేమియు చెప్పక, ఫోనును గోడ కానించి పెట్టి, పాఠమును చూడుమంటిమి. మేము పాఠమును గాక వారి ముఖములను చూచితిమి. మొదటి రెండు నిమిషములలో ఒకని చూపు కిటికీ అవతలి జామచెట్టు మీదికి పోయినది. నాలుగున్నర నిమిషములు దాటిన తరువాత రెండవ పిల్ల చెవిని ఫోనునకు దగ్గఱగ చేర్చినది. ఎనిమిదవ నిమిషమున ఇద్దఱును ఫక్కున నవ్విరి. నవ్విన వెంటనే ఆ పిల్ల పెన్సిలు తీసికొని తన పేరు వ్రాసికొని గురులఘువులను గుర్తించినది. ఇంతకంటె మంచి విమర్శకులు ఎవరుందురు?

మా కాగితమున తేలిన సంగతు లివి. మొదటి 2 నిమిషముల 10 సెకనులు నమస్కారములతోను, ఛానెలునకు సబ్‌స్క్రైబరులుగా చేరుడను విన్నపముతోను గడచినవి. పిమ్మట ఆమె పద్యమును రాగయుక్తముగ పూర్తిగ చదివినది. 4 నిమిషముల 35 సెకనులకడ నల్లబల్ల వైపు తిరిగి భ, ర, న, భ, భ, ర, వ గణములను వ్రాయుచు చెప్పినది. అప్పటినుండి ఆఱవ నిమిషము వఱకు ఆమె మాటకంటె పైకప్పున తిరుగు పంకా చప్పుడే ఎక్కువగ వినబడినది. 6 నిమిషముల 20 సెకనులకడ గుర్తులు పెట్టునప్పుడు ఆమె చేయి అక్షరములకు అడ్డువచ్చినది. దీపము ఒక ప్రక్క మాత్రమే పడుచున్నది. ముఖచిత్రము మీద, అనగా థంబ్‌నెయిలు మీద, అక్షరములు చిన్నవి. ఇవిగాక మఱికొన్ని చిల్లర సంగతులును గలవు.

8 నిమిషముల 5 సెకనులకడ జరిగినది మాత్రము వేఱు. గురులఘువులను జ్ఞప్తికి తెచ్చుటకై ఆమె ‘పుస్తకము’ అను మాటను వ్రాసి, ‘పు’ హ్రస్వము గదా యని లఘువు గుర్తు పెట్టినది, తరువాతి అక్షరము వ్రాయబోయి ఆగి, నవ్వి, “అయ్యో, ఎనకాల ‘స్త’ ఉంది కదా! సంయుక్తాక్షరం ముందున్నది గురువు” అని చెఱిపి, గురువు గుర్తు పెట్టినది. నియమమును పదిమాఱులు వల్లించినను పట్టుబడని సంగతి ఆ యొక్క చెఱిపివేతతో పిల్లలకు పట్టుబడినది. పిల్లలు నవ్వినది అక్కడనే. తరువాత ఆమె చెప్పగా తెలిసిన దేమనగా, ఆ భాగము తన తప్పునకు సాక్ష్యమని సిగ్గుపడి, కత్తిరించివేయదలచినదట!

ఇక్కడ ఒక సత్యము గమనింపదగియున్నది. నింద ఎంత నిర్దిష్టముగ నుండవలెనో పొగడ్తయు నంత నిర్దిష్టముగ నుండవలెను. ‘చాల బాగున్నది’ అనునది చెవి కింపు గాని చేతికి పనికిరాదు. ‘ఎనిమిదవ నిమిషమున నీవు చెఱిపి వ్రాసినది బాగున్నది, ఏలయన పిల్లలు అప్పుడే పెన్సిలు పట్టిరి’ అనిన, చేసినవారు దానిని కాపాడుకొందురు, మఱల చేయుదురు. తన పనిలో ఏది మేలైనదో తెలియనివాడు చెడును దిద్దబోయి మంచిని కూడ తుడిచివేయును. చేనిలో కలుపును చూపినవాడు పైరునుగూడ చూపవలెను. లేకున్న క్రొత్తవాడు రెంటిని పెఱికి గట్టున పాఱవేయును.

ఇక కాగితమున నున్న పదిపండ్రెండు సంగతులలో ఎన్ని చెప్పవలెను? ఆమెకున్నది ఒక్క ఫోను, ఒక్క గది, రాత్రి రెండు గంటల కాలము. అన్నియు చెప్పుట మా పరిశీలన యెంత సూక్ష్మమో చాటుకొనుట యగును గాని ఆమెకు సాయము కాదు. కావున మూడే ఏరుకొంటిమి. ఏరుటలో మేము పెట్టుకొన్న కొలబద్ద ఇది: ఆమె అడిగిన ప్రశ్నకు సంబంధించినదై యుండవలెను; పైకము ఖర్చు లేకుండ, ఉన్న సాధనములతో, వచ్చు పాఠముననే చేయదగినదై యుండవలెను. ముఖచిత్రము, దీపము, చేయి అడ్డువచ్చుట అనువానిని వేఱొక నెలకు విడిచితిమి.

మొదటిది ధ్వని. ఫోను ఎనిమిదడుగుల దూరమున నున్నది. ఆరుబయట దూరము రెట్టింపైనచో ధ్వని తీవ్రత నాల్గవవంతునకు తగ్గును; గదిలోనైన దూరమునుండి వచ్చు మాటతోపాటు గోడల ప్రతిధ్వనియు కలిసి వచ్చును. పంకా చప్పుడు ఎంత యుండెనో అంతయే యున్నను మాట మాత్రము సన్నగిల్లును. దీనికి వెలగల మైకు కొనవలసిన పని లేదు. ఇంటిలోని రెండవ ఫోనును పాఠము చెప్పునంతసేపు దగ్గఱి బల్లమీద నుంచి అందులో మాటను పట్టి, ఆరంభమున ఒక్క చప్పటు చఱచినచో, ఆ చప్పటు గుర్తుగ మాటను బొమ్మను తరువాత జతపఱచుకొనవచ్చును. ఎదుటి గోడకు ఒక దుప్పటి వ్రేలాడదీసి, పంకాను కొంచెముసేపు ఆపిన చాలును.

రెండవది ఆరంభము. పాఠము మూడవ నిమిషముననా మొదలగుట? పల్లెటూరి పిల్లవానికి ఇంటిలో నున్న ఒక్క ఫోను చేతికి వచ్చుటయే అరగంట. వాని కాలము విలువైనది. నమస్కారము ఒక్క మాటతో ముగించి, పదిహేను సెకనులలో ప్రశ్నను బల్లమీద పెట్టుమంటిమి. ఇక్కడ యూట్యూబు పద్ధతి నెఱిగియుండుట మంచిది. ఒకమాఱు ఎక్కించిన వీడియో స్థానమున, అదే చిరునామాతో, వేఱొక వీడియోను పెట్టుటకు వీలులేదు. కాని పేరు, వివరణము, ముఖచిత్రము ఎప్పుడైనను మార్చవచ్చును. అనవసరమైన భాగమును స్టూడియోలోని కత్తిరింపు సాధనముతో తీసివేయవచ్చును. కావున విమర్శించువాడు ‘ఇది ఇప్పుడే దిద్దవచ్చును, ఇది వచ్చు పాఠమున చూచుకొనవలెను’ అని విడదీసి చెప్పిన మేలు. ఆమె ఆ రెండు నిమిషములను ఆనాడే తీసివేయవచ్చును. ధ్వని మాత్రము తరువాతి పాఠముననే బాగుపడవలెను.

మూడవది పద్యపఠనము. మొదట ఒక్క పాదము మాత్రము చదివి, పూర్తి పద్యమును తుదకు చదివిన బాగుండునని మాకు తోచినది.

ఈ మూటిలో చేరని సంగతి ఒకటి గలదు. మఱియొక పాఠమున, మత్తేభమునకు యతిస్థానము 13వ అక్షరమని ఆమె బల్లపై వ్రాసినది. 13 శార్దూలమునకు, మత్తేభమునకు 14. దీనిని ఏరుకొనుట, ఆలోచించుట, మెత్తగ చుట్టి చెప్పుట అనునవి లేవు. కనిపెట్టిన సాయంకాలమే ఫోను చేసి చెప్పితిమి. అభిరుచికి సంబంధించిన మాట వారము ఆగవచ్చును. విషయమున దొరలిన తప్పు ఆగరాదు, పరీక్షలో ఆ పిల్లలు అదే వ్రాయుదురు గనుక. ఆమె వెంటనే ఆ పాఠపు వివరణములో సవరణ వ్రాసి, వారములోపల క్రొత్త పాఠము చేసి పెట్టి, పాతదానిని తీసివేసినది. దయ పేరున నిజమును దాచుట దయ కాదు.

ఇక ఆ పెద్దమనిషి నిందించిన యాసను గూర్చి. ఆమె ‘ఏమిటి’ అనుటకు ‘ఏటి’ అనును. ‘వెనకాల’ అనుటకు ‘ఎనకాల’ అనును. ఆ మాట తీరు మార్చుకొనవలెనా యని ఆమె అడిగినది. మేము వలదంటిమి. విజయనగరపు పలుకుబడిని ప్రాణముగ చేసికొని గురజాడ అప్పారావుగారు వ్రాసిన కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, నేటికిని తెలుగువారందఱిచేత చదువబడుచున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెనుండి వెలువడు మై విలేజ్ షో అను ఛానెలులో గంగవ్వగారు తమ పల్లె పలుకుతోనే లక్షల ప్రేక్షకులకు ప్రీతిపాత్రురాలైరి. పరీక్షలో వ్రాయు జవాబు పుస్తకభాషలో నుండవచ్చును. దానిని నేర్పు గొంతు తన ఊరిదై యుండుట దోషము కాదు. గ్రాంథికమున వ్రాయు మేమే ఈ మాట చెప్పుట చూచి కొందఱు నవ్వుదురేమో! నవ్విన నవ్వుదురు గాక. మాట వినబడకపోవుట పనిలోని లోపము. మాట తీరు మనిషి సొత్తు. విమర్శ పనిని తాకవలెను గాని మనిషిని తాకరాదు.

మేము చెప్పదలచినదానిని పదిమంది చదువు కామెంటులలో వ్రాయక ఉత్తరముగ వ్రాసి పంపితిమి. అందులోని ముఖ్యభాగ మిది: “చి॥ సౌ॥ అమ్మాయికి దీవెనలు. ఉత్పలమాల పాఠమును రెండు మాఱులు చూచితిమి. నీవడిగిన ప్రశ్నకు జవాబు: నీ మాట వినబడి, బల్ల కనబడినంతవఱకు పిల్లలకు అర్థమగుచున్నది. 8 నిమిషముల 5 సెకనులకడ నీవు చెఱిపి వ్రాసిన భాగమును తీయవద్దు. పాఠమంతటికి అదియే ప్రాణము. 4 నిమిషముల 35 సెకనులనుండి ఆఱవ నిమిషము వఱకు నీ మాట మాకు వినబడలేదు. మొదటి 2 నిమిషముల 10 సెకనులలో పాఠము లేదు. మా మాటనే నమ్మనక్కఱలేదు. నీ స్టూడియోలో, ఏ క్షణమున ఎందఱు చూచుచుండిరో తెలుపు గీత యుండును, దానితో పోల్చి చూచుకొనుము. ఉపాయములు క్రింద వ్రాసితిమి. నచ్చినవి గైకొనుము, నచ్చనివి విడిచిపెట్టుము.” పదిమంది ఎదుట మాత్రము మేము వ్రాసినది ఒక్క వాక్యమే: 8:05 కడ చెప్పినది మా పిల్లలకు చక్కగ పట్టుబడినదని. కామెంటులో అట్లు కాలమును వ్రాసినచో, దానిని తాకినవారికి వీడియో సరిగ ఆ చోటనే తెఱచుకొనును. పొగడ్త బజారులో, బుద్ధి ఇంటిలో అనునది పెద్దల మర్యాదయే గదా.

నాలుగు దినముల పిమ్మట ఆమె ఫోను చేసినది. స్టూడియోలోని గీత మొదటి రెండు నిమిషములలో ఏటవాలుగ పడిపోయినదనియు, నాలుగున్నరకడ మఱల క్రుంగినదనియు, ఎనిమిదవ నిమిషమున మాత్రము కొంచెము పైకి లేచినదనియు చెప్పినది. కొందఱు ఆ భాగమును వెనుకకు త్రిప్పి మఱల చూచినచో గీత అట్లు లేచును. పిమ్మట మూడవ మాటను గూర్చి యిట్లనెను: “పద్యం మొత్తం ముందు పాడకపోతే పిల్లలకి నడక ఏటి తెలుస్తుంది మాష్టారూ? అదొక్కటీ నేను మార్చను.” మే మందులకు “నీ యిష్టమమ్మా” అంటిమి. మా అభిప్రాయము మాకున్నది; ఛానెలు మాత్రము ఆమెది. మఱల ఆ మాట మే మెత్తలేదు. సలహా చెప్పువాడు ఒకమాఱు చెప్పి చేతులు ముడుచుకొనవలెను. వినలేదని అలుగువాడు సలహా చెప్పలేదు, ఆజ్ఞ యిచ్చినాడు.

తరువాతి పాఠము చంపకమాల. దానిని అందఱికి విడుదల చేయుటకు ముందు, లింకు గలవారికి మాత్రమే కనబడునట్లు అన్‌లిస్టెడ్ పద్ధతిని పెట్టి ఆమె మాకు పంపినది. నమస్కారము ఒక్క మాట. వెంటనే బల్లమీద, ‘21 అక్షరాలు, 11 దగ్గర యతి: ఏ పద్యం?’ అను ప్రశ్న. మాట గంటవలె వినబడినది. పద్యము పూర్తిగ పాడనే పాడినది. ఆ పాఠము కొండలను పిండిచేసినదని మేము వ్రాయబోము. ఆమె ఛానెలు ఇప్పటికిని చిన్నదే. కాని సంక్రాంతి వచ్చినది, పోయినది, ఆమె మానలేదు.

ఆ నడుమ వేఱొక జిల్లా పిల్లవాడొకడు తాను గణవిభజన చేసిన పాదము నొకదానిని కామెంటులో వ్రాసి, సరియేనా యని అడిగినాడు. అందులో ఒక పొరపాటు గలదు. ఆమె వాని కిట్లు బదులు వ్రాసినది: “మొదటి రెండు గణాలూ తప్పులేకుండా పెట్టావు బాబూ. మూడో గణంలో రెండో అక్షరం ఎనకాల ఏముందో ఒకసారి చూడు.” పొరపాటును తాను దిద్దలేదు, చోటు చూపినది, వానిచేతనే దిద్దించినది. అది చదివి మేము ఎంతయో ఆనందించితిమి. మంచి విమర్శను పొందినవారు దానిని తమయొద్దనే ఉంచుకొనరు, ఇంకొకరికి అందింతురు.

విద్యార్థులారా! మీలో అనేకులు ఫోనులో వీడియోలు చూచుచున్నారు. కొందఱు చేయుచును ఉన్నారు. మీ తరగతి మిత్రుడు తన మొదటి వీడియోను చూపి ‘ఎట్లున్నదిరా’ అని అడిగినపుడు ఈ నాలుగు సంగతులను జ్ఞప్తియందుంచుకొనుడు. నీకేమి తెలియవలెనని అతనినే మొదట అడుగుడు. తుదివఱకు చూడుడు. బాగున్నచోటును బాగులేనిచోటును నిమిషముతోసహా చెప్పుడు. మార్చవలసినవి అతని చేతనగునవి రెండో మూడో ఎన్నిచెప్పి, పిమ్మట ఊరకుండుడు. మీ వీడియోనే ఒకరు విమర్శించినపుడు, ఆ మాటలో రేపు చేయదగిన పని ఏమైన గలదా యని వెదకుడు. ఉన్న గైకొనుడు, లేకున్న అది విమర్శయే కాదు, గాలి.

తలిదండ్రులకును ఒక విన్నపము. మీ బిడ్డ చేసినదానిని లక్షలమంది చూచు ఛానెళ్లతో పోల్చి, ‘నీది ఎవరు చూచుచున్నారు?’ అని అడుగకుడు. ముఖచిత్రము నూఱుమందికి కనబడిన, అందులో ఇద్దఱునుండి పదిమంది వఱకు తెఱచి చూచుట సగము ఛానెళ్లలో సామాన్యమని యూట్యూబు సంస్థయే చెప్పుచున్నది. మొక్క నాటిన మఱునాడే కాయలు లెక్కింపము గదా! చదువునకు భంగము రాకుండ వేళను నియమించుడు. ఇంటి గుట్టును, ఊరి పేరును, బడి గుర్తును లోకమునకు చూపకుండ కాపాడుడు. అటుపిమ్మట కూర్చుండి తుదివఱకు ఒకమాఱు చూడుడు. ఇంటిలో నొకరు శ్రద్ధతో చూచిరన్న తృప్తి బిడ్డకు కొండంత బలము.

ఉపాధ్యాయులమగు మాకు ఎఱ్ఱసిరా చేతిలో నున్నది. దానితో వ్యాసమంతయు ఎఱ్ఱబఱుపవచ్చును. ఒక్క వాక్యము ప్రక్కన ‘ఇది బాగున్నది, ఇట్లే తక్కినవియు వ్రాయుము’ అనియు వ్రాయవచ్చును. రెండవ పని చేసినచోట పిల్లవాడు మఱునాడు మఱల కలము పట్టును. మాట వానిచేత కలము పట్టించినదా, విడిపించినదా అనునదే విమర్శకు గీటురాయి.